క్లోమమందలి తిత్తులు: భయమును వలదు, ఉపేక్షయు వలదు

మైపాడు మొదలు కృష్ణపట్టణము వఱకు గల తీరగ్రామములలో నేడు కడుపునొప్పి వచ్చినవాడు నెల్లూరికి పోయి స్కాను తీయించుకొనుట సామాన్యమైనది. ఆ స్కాను పత్రమున క్లోమగ్రంథియందు తిత్తి కలదని యొక పంక్తి కానవచ్చినంతనే యింటిల్లిపాదికిని నిద్రాహారములు తొలగిపోవును. కొందఱు పొలము తాకట్టుపెట్టి కోతకై చెన్నపట్టణమునకు పరుగిడుదురు. కొందఱు నొప్పి తగ్గినదని పత్రమును పెట్టె యడుగున దాచివేయుదురు. ఈ రెండును అనర్థహేతువులే.

క్లోమము జీర్ణాశయము వెనుక దాగియున్న గ్రంథి. అందు పుట్టు రాచపుండు, అనగా క్యాన్సరు, తొలిదశలో ప్రాయికముగా చిహ్నములు చూపదు. కామెర్లు కనబడునప్పటికి పెక్కుర విషయమున శస్త్రచికిత్సకు అదను దాటిపోవును. తిత్తిని శ్రద్ధతో పరీక్షింపవలయుననుటకు కారణమిదియే. కాని తిత్తులన్నియు నొకజాతివి కావు. మద్యపానాదులచే క్లోమము వాచిన పిమ్మట ఏర్పడు తిత్తి క్యాన్సరుగా మాఱునది కాదు. పలుచని నీరు నిండిన తిత్తియు దాదాపు నిరపాయమైనదే. జిగురుద్రవము నిండినవానిలో కొన్ని మాత్రమే కాలక్రమమున మాఱగలవు.

ఈ భేదము తెలియుటెట్లు? తొలుత ఎం.ఆర్.ఐ. తీయుదురు. సందేహమున్నచో, నోటిగుండ పంపు గొట్టము కొనయందలి అల్ట్రాసౌండు యంత్రముతో తిత్తిని సమీపమునుండి చూచి, సన్నని సూదితో ద్రవమును తీయుదురు. అందు చక్కెర తగ్గి, సి.ఇ.ఎ. అను పదార్థము హెచ్చియున్నచో నది జిగురుజాతి యని యెంచుదురు. క్యాన్సరున్నదో లేదో యీ పరీక్ష యొక్కటియే చెప్పజాలదు. తిత్తి 3 సెంటీమీటర్లకు పెరిగినచో మఱింత పరీక్ష కావలయును. లోపల 5 మిల్లీమీటర్ల గడ్డ మొలచినను, ప్రధాననాళము 10 మిల్లీమీటర్లకు వెడల్పైనను, కామెర్లు తోడైనను శస్త్రచికిత్సను గూర్చి యాలోచింపవలయును. క్లోమమును కోయుట సామాన్యకార్యము కాదు. నిరపాయమైన తిత్తికై యట్టి కోతకు పూనుకొనుట వివేకము కానేరదు.

చెఱువుకట్టకు నెఱ్ఱె పడినదని కట్టనంతయు త్రవ్వివేయు రైతు లేడు. చూచియు ఊరకుండువాడును లేడు. వానకాలమంతయు దానిపై కన్నువేసియుండును. తిత్తి విషయమునను అదియే ధర్మము.

మనవారిలో విద్యకు కొఱత లేదు. హైదరాబాదునందు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీని స్థాపించి, ఎండోస్కోపీ విద్యయందు ప్రఖ్యాతులైన డాక్టరు నాగేశ్వరరెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ బిరుదము లభించినది. కాని ప్రతి పరీక్షకును అంతదూరము పోవుట తీరమందలి కూలికిని బెస్తవానికిని సాధ్యమా? సూదిపరీక్ష కొందఱికే కావలయును. నియతకాలమున మరల స్కాను తీయించుట చాలమందికి కావలయును. కావున జిల్లా ప్రభుత్వాసుపత్రియందు తిత్తులుగలవారి పట్టిక యుంచి, గడువు వచ్చినప్పుడు పిలిపించి చూచి, అవసరమైనవారిని మాత్రమే పెద్ద ఆసుపత్రికి పంపు నేర్పాటు కావలయును. ఇందులకు వలయునది కొత్తభవనము కాదు, ఒక పుస్తకమును, దానిని మఱువని యొక ఉద్యోగియు. ప్రభుత్వమువా రీపాటి పూనికయైనను చూపుదురు గాక. అంతవఱకు, పెట్టె యడుగున పత్రము దాచినవారు దానిని నేడే వెలికి తీసి వైద్యునకు చూపుదురు గాక.