నోటీసు ముగిసేలోపే వీసా ముగుస్తోంది

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

మా అమ్మాయి పెళ్లాడబోయే కుర్రాడు కెనడా పౌరుడు, క్రైస్తవుడు. హిందూ వివాహ చట్టం వీళ్లకు వర్తించదు. మేం ఎంచుకున్నది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరూ సంతకం చేసి నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. అతను 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసా మీద వస్తే, దిగిన రోజే సంతకం పెట్టినా సంబంధం నిలుస్తుందేమో గానీ వీసా నిలవదు. పొడవైన వీసా తీసుకోవచ్చు, నిజమే. మరి అన్నాళ్ల సెలవు ఎవరిస్తారు?

1969 విదేశీ వివాహ చట్టం కింద మన కాన్సులేట్లు పెళ్లిళ్లే జరిపిస్తున్నాయి. ఒక్క నోటీసు మీద సంతకం తీసుకుని ఇక్కడి వివాహాధికారికి పంపలేవా? అతను అవివాహితుడన్న ధ్రువపత్రం కూడా అక్కడే చూసుకోవచ్చు. అప్పుడు పెళ్లికొడుకు పెళ్లికే వస్తాడు, కాగితాల కోసం కాదు.

ఇంకొకటి. నోటీసును అందరికీ కనబడేలా అతికించాలని చట్టం. అందులో ఆడపిల్ల చిరునామా కూడా ఉంటుంది. 2021లో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే ప్రకటించాలంది. ఆ మాట చట్టంలోకే ఎక్కించండి. అభ్యంతరాలకు కారణమయ్యే వయసు, ముందు పెళ్లి, వావివరసల వంటివి రికార్డుల్లో తేలతాయి, దారినపోయేవాళ్లను అడగక్కర్లేదు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ఆడపిల్ల తండ్రి