తండ్రి వేషమును వలచినవారు

నలువదియేండ్లు దాటిన పురుషుడొకడు, తన చిన్ననాట టెలివిజనులో తండ్రి వేషము వేసిన నటుని పటమును జూచినచో నేటికిని మనసు నిలువదని చెప్పుకొనుట విన్నయెడల మనవారేమందురు? చదువుకొన్నవారైనను ముందు నవ్వుదురు. నవ్వు ముగిసిన పిదప, పాపము, వానికి బాల్యమున తండ్రిప్రేమ కఱవై యుండునని జాలిపడుదురు. జాలి ముగియకమునుపే యొక వైద్యుని పేరు చెప్పుదురు. నవ్వువారితో మాకు వైరము లేదు. ఏ వలపైనను బయటివారికి గొంత నవ్వు పుట్టించునదియే. జాలిపడువారితోనే మా వాదము.

విషయము ముఖ్యముగా నమెరికాకు సంబంధించినది. పురుషులయందే యనురాగము గల పురుషులను స్వలింగప్రియులందము. టెలివిజను పెట్టె యింటింట వెలసినపిదప నచట పుట్టి పెరిగిన యిట్టివారు, ఇప్పుడు నెఱసిన తలలతో, దాపఱికము లేక యీ మాట చెప్పుకొనుచున్నారు. 'ఫాదర్ నోస్ బెస్ట్' (1954–1960) లో రాబర్ట్ యంగ్, 'బ్రేడీ బంచ్' (1969–1974) లో రాబర్ట్ రీడ్, 'గ్రోయింగ్ పెయిన్స్' (1985–1992) లో అలన్ థిక్ మొదలగువారు ధరించిన తండ్రిపాత్రలు ఆ దేశమువారికి ఇంటి చుట్టములవలె పరిచితములు. ఇట్టి నటులపై గలుగు దూరపు వలపును వారు 'క్రష్' అందురు. మన మాటలో మోజు అనిన జాలును. మోజు గలవాడు పగలు తన యుద్యోగము తాను చేసికొని, రాత్రి యొక పాత ధారావాహికను జూచి నిద్రపోవును. ఇంతమాత్రమునకు వైద్యుడెందులకు?

తండ్రిప్రేమ కఱవను మాట గాలికి పుట్టినది గాదు. దానికొక గ్రంథము కలదు. 1962లో న్యూయార్కు మానసవైద్యుడగు ఇర్వింగ్ బీబర్ తన సహచరులతో గూడి, తల్లి మితిమీఱిన చేరువయు, తండ్రి యెడమొగమును వైరమును గలిసి కొడుకును స్వలింగప్రియుని జేయునని ప్రకటించెను. ఆయన పరిశీలించినది 106 మంది స్వలింగప్రియులను, 100 మంది యితరులను. అందఱును మానసవైద్యుల చికిత్సలో నున్నవారే! ఆసుపత్రి వరండాలో గూర్చున్నవారిని లెక్కించి ఊరంతయు జ్వరపడినదని చాటింపు వేసినట్లున్నది. అంతకు మునుపే, 1957లో, ఈవెలిన్ హుకర్ అను విదుషీమణి వైద్యునిగడప త్రొక్కని 30 మంది స్వలింగప్రియులను, 30 మంది యితరులను బరీక్షించి, ఫలితములను పేరులు లేకుండ నిపుణుల ముందుంచెను. ఎవరు ఏ వర్గమువారో నిపుణులు తేల్చిచెప్పలేకపోయిరి. 1973 డిసెంబరులో అమెరికా మానసవైద్యసంఘమువారే స్వలింగానురాగమును రోగముల పట్టికనుండి తొలగించిరి. వైద్యులు విడిచిన మాటను మన చదువరులు వదలకున్నారు.

ఇంకొక ప్రశ్న యడుగుదుము. తండ్రి యెడముగా నుండుటచే కొడుకు స్వలింగప్రియుడయ్యెనా, లేక కొడుకు నడకయు మాటయు తనకు నచ్చక తండ్రియే యెడమయ్యెనా? ఇంటిలో నితర పిల్లలను భుజమున నెత్తుకొని, ఒక్కని మాత్రము "మగవానివలె నడువుము" అని గద్దించు తండ్రులను మనమెఱుగమా? కారణమును కార్యముగను, కార్యమును కారణముగను త్రిప్పి, గాయపఱచినవానిని విడిచి గాయపడినవానికి పథ్యము విధించుట యెక్కడి న్యాయము?

సరే, ఆ మోజు తండ్రి వేషముపైననే యేల? ఇదియే విచారింపదగిన సంగతి. ఆ కాలపు అమెరికా టెలివిజనులో వయసు వచ్చిన పురుషుడు సాధారణముగా నెట్లు కనబడెడివాడు? గుఱ్ఱమెక్కి తుపాకి పేల్చుచు గనబడెను. నేరగాండ్రను దఱుముచు గనబడెను. మెల్లగా మాటలాడుట, తప్పు చేసినవాని ప్రక్కన మంచపు అంచున గూర్చుండి వాడు చెప్పునది చివఱివఱకు వినుట, వంటయింటిలో నిలువబడి భార్యతో నవ్వుట, పొరపాటైనచో దానినొప్పుకొనుట, ఇవి తండ్రి పాత్రకే యెక్కువగా విడువబడినవి. మృదువైన మగతనమునకు తెఱపై దొరకిన వేషము తండ్రి వేషము. పదునాలుగేండ్ల బాలుడొకడు, తన మనసు బాలికలవైపు పోదని యప్పుడప్పుడే తెలిసికొని, ఆ తెలివికి తానే బెదరి, తాను ముందు ముందు ఎవనితో నెట్లు బ్రతుకవలెనో చూపు పటమొకటి వెదకుచుండును. వానికి గనబడిన పటమది. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై, ఇప్పుడా నటుని తలంచుకొని మురియుచున్నాడు. అతడు వలచినది తండ్రిని గాదు, గృహస్థుని. సాయంకాలమింటికి వచ్చి, తలుపు తెఱచి, "నేను వచ్చితిని" అని పలుకు మనిషిని.

ఆ బాలునివంటివారు పెద్దలైనప్పుడు అదే పెట్టెలో నెట్లు చూపబడిరో చూడుడు. 1967 మార్చి 7 న సీ.బీ.యస్. సంస్థవారు స్వలింగప్రియులను గూర్చి యొక గంటసేపు కార్యక్రమము ప్రసారము చేసిరి. అందు మాటలాడిన యొకనిని ముఖము తెలియకుండ కుండీలోని మొక్క యాకుల వెనుక గూర్చుండబెట్టిరి. తండ్రికి నిండు వెలుగు. వీనికి ఆకుల చాటు. ఏది వలచుకొమ్మని వారికి మనము చెప్పుదుము?

ఇక రాబర్ట్ రీడ్ కథ చెప్పక తీఱదు. ఈయన 1932లో ఇల్లినాయి రాష్ట్రమున బుట్టి, నార్త్‌వెస్టర్ను విశ్వవిద్యాలయమునను, పిదప లండను నగరపు రాజకీయ నాటకకళాశాలయందును శిక్షణము పొందినవాడు. 'డిఫెండర్స్' (1961–1965) లో న్యాయవాది పాత్రచే బేరు గడించెను. 'బ్రేడీ బంచ్' లో నాయన మైక్ బ్రేడీ యను వాస్తుశిల్పి. ముగ్గురు కొడుకులు గలవాడై, ముగ్గురు కూతుళ్లు గల స్త్రీని పెండ్లాడి, ఆర్గురను సమముగా బెంచు తండ్రి. 117 భాగములు నడచిన యా కథ మొదట నడచిన కాలముకంటె తరువాతి పునఃప్రసారములలోనే దేశమంతట నాటుకొన్నది. కథలోని యసంబద్ధములను రీడ్ సహింపలేక రచయితలకు బొడవైన లేఖలు వ్రాసి వాదించెడివాడు. 1974లో నచ్చని కథయని కడపటి భాగమున నటింపనేలేదు. కాని పిల్లల వేషములు వేసిన యార్గురను మాత్రము నిజముగా బిడ్డలవలె జూచెను. తన ఖర్చుతో వారిని ఓడమీద ఇంగ్లండుకు దీసికొనిపోయెను.

ఈ రీడ్ స్వయముగా స్వలింగప్రియుడు. 1954లో వివాహమాడి, ఒక కూతురు గలిగిన పిదప, 1959లో విడిపోయెను. తోడినటులలో గొందఱికి దెలియును. తెలిసినవారు నోరు మెదపలేదు. మెదపినచో ఆ యుద్యోగమును, ఆ గౌరవమును నొక్కదినములో బోయెడివి. ఆ ధారావాహిక చిత్రింపబడిన లాస్ ఏంజెలీసు నగరము కాలిఫోర్నియా రాష్ట్రములోనిది. వయసు వచ్చిన యిరువురు పురుషులు ఇష్టపడి కూడుట యా రాష్ట్రమున నేరముగా నుండెను. ఆ శాసనమును 1975లో మార్చిరి, మార్పు 1976 జనవరి 1 నుండి యమలు జరిగెను. అనగా మైక్ బ్రేడీ యను ఆదర్శగృహస్థు తెఱపై వెలసిన యయిదేండ్లును, ఆ వేషము గట్టిన మనిషికి తనదైన గృహమొకటి నిర్భయముగా గట్టుకొను హక్కు లేదు. 1992 మే 12 న, తన 59వ యేట, పేగుల పుట్టకురుపుతో మరణించెను. శరీరమున హెచ్.ఐ.వి. యుండినదని పిదప బయటబడగా పత్రికలు పతాకశీర్షికలు పెట్టినవి. బ్రతికియున్నంతకాలము దాచుకొన్న మాటను, మాటలాడలేని స్థితిలో నున్నప్పుడు లోకమున కెత్తి చూపిరి. ఏ బాలురు తమకు దారి యెవ్వరు చూపుదురాయని యా తెఱవైపు జూచిరో, ఆ తెఱలోని మనిషియు వారివలెనే దారి లేక చూచుచుండెను. దీనిని తండ్రిప్రేమ కఱవని తీర్పు చెప్పువారి చెవిని బెట్టుట యవసరము.

"అయ్యా, తండ్రి యను పవిత్రస్థానమునకు మచ్చ గదా" యని కొందఱు పెద్దలు. ఏ తండ్రికి? చూచువాడు పెద్దవాడు, నటుడును పెద్దవాడు, ఇరువురకు నేమియు బంధుత్వము లేదు. వేషము వేఱు, మనిషి వేఱని నాటకమెఱిగిన తెలుగువారికి వేఱ చెప్పవలెనా? నందమూరి తారకరామారావుగారు 1961లో 'సీతారామ కల్యాణం' లో రావణుడు, 1963లో 'లవకుశ' లో రాముడు. రావణుని జూచినవారే రాముని పటమును పూజగదిలో బెట్టుకొనిరి. సురభివారి సమాజములలో నొకే కుటుంబమువారు నేడు తండ్రీకొడుకులు, రేపు బద్ధవైరులు.

మగవాడు మగవానిని జూచి మైమఱచుటయా? స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషము గట్టి రంగమెక్కినపుడు పురుషులెందఱు పరవశులైరో మన తాతలు చెప్పగా వినలేదా? ప్రభుత్వము ఆయనకు 1956లో పద్మశ్రీ నిచ్చినది; చూచినవారిని వైద్యాలయమునకు బంపలేదు. నేడును క్రొత్త చిత్రము విడుదలైన నాడు మన యువకులు కథానాయకుని నిలువెత్తు బొమ్మకు పాలాభిషేకము చేసి, దండలు వేసి, హారతు లిచ్చి, పేరు పచ్చబొట్టు పొడిపించుకొనుచున్నారు. ఆ పాలు త్రాగవలసిన పిల్లలను దలచుకొని మేము నొచ్చుకొన్నాము గాని, వారి తండ్రులు వారిని ముద్దు చేయలేదేమోయని యెవ్వరును విచారింపలేదు. అభిమానమునకు అభిమానమని పేరున్నంతవఱకు నెంత వెఱ్ఱియైనను జెల్లును. వలపని నిజము చెప్పినవానికే పథ్యము!

మోజు గలవారి తప్పులు లేవని మేమనము. ఆ తండ్రులలో బెక్కురు తెల్లవారు, కలిగినవారు; బ్రేడీవారి యింట వంటకు పనిమనిషి సయితము కలదు. ఇట్టి యింటినే గృహమని వలచినవాడు బీద యింటి మంచిని చూడలేకపోవచ్చును. బ్రతికియున్న యే నటుడు లోలోపల తమవాడో యని యూహించి పుకార్లు పుట్టించుట మాత్రము మేము సహింపము; రీడ్ విషయమున పత్రికలు చేసినది తప్పయినచో ఇదియు దప్పే. వేషమును జూచి మనిషి గుణము నిర్ణయించుటయు బొరపాటు. కాని యా పొరపాటు చేసినది స్వలింగప్రియులు మాత్రమేనా? 'కాస్బీ షో' (1984–1992) లోని తండ్రిని దేశమంతయు దలకెత్తుకొన్నది. పిదప పెక్కుమంది స్త్రీలు ఆ నటునిపై ఘోరమైన యారోపణలు చేసిరి. 2018లో దోషియని వచ్చిన తీర్పును 2021లో పై న్యాయస్థానము కొట్టివేసినది. నాడు మోసపోయినవారెవరు? మర్యాదగల గృహస్థులే.

అమెరికాలో 2015 జూన్ 26 నుండి స్వలింగప్రియుల వివాహము దేశమంతట చట్టసమ్మతము. 2009 మొదలు 2020 వఱకు నడచిన 'మోడర్న్ ఫ్యామిలీ' లో నిరువురు పురుషులు దంపతులై, దత్తపుత్రికను బెంచుచు, వంటయింటిలో గలహించి మరల నవ్వుకొనుచు గనబడిరి. నాడు చీఁకటిలో నా బాలుడు కన్న కల వెలుగులోనికి వచ్చినది.

మన దేశమున 2018 సెప్టెంబరు 6 న సుప్రీముకోర్టువారు పెద్దవారి యిష్టపూర్వకమైన స్వలింగసంబంధము నేరము గాదనిరి. 2023 అక్టోబరు 17 న వివాహపు హక్కు నియ్యలేమనిరి. కోర్టు చేయదగినది కోర్టు చూచుకొనును. మేమడుగునది మన యింటి మాట. కొడుకు బల్లసొరుగులో నిట్టి నటుని పటమొకటి దొరకిన తోడనే మన తెలుగిండ్లలో, ఇక్కడను అమెరికాలోను, జరుగునదేమి? తల్లి కన్నీరు పెట్టును. తండ్రి సంబంధములు చూడుడని చుట్టములకు కబురు పంపును. పెండ్లియైనచో వాడే కుదురుకొనునట! కుదురుకొనుటకు వచ్చిన యా పిల్ల యెవరి కూతురు? ఆమె చేసిన పాపమేమి? 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన వీరేశలింగముగారిని ఊరివారు ధర్మద్రోహి యనిరి. ఆయన పోరాటము, మనసెఱుగక చేసిన పెండ్లివలన మ్రోడయిన యాడుబిడ్డల కొఱకు. ఆయనను గొనియాడు కుటుంబములే, నేడు తెలిసి తెలిసి యొక యాడుపిల్లను మందుమాత్రగా వాడుచున్నవి. వానికా మందు పనిచేయదు. ఆమెకు జీవితము పోవును.

కావున, ఆ సంబంధమునకై పోయిన కబురును వెనుకకు దీసికొనుడు. జాతకము లిచ్చినవారికి జాతకములు తిరిగి పంపుడు. పటమును సొరుగులో నెక్కడిదక్కడ నుంచుడు. కొడుకు సాయంకాలమింటికి వచ్చినపిదప, నవ్వకయు, ఏడ్వకయు, ప్రక్కన గూర్చుండి, ఆ నటుడెవరో, ఆ కథ యేమో చెప్పుమని యడుగుడు. వాడు చెప్పుట ముగియువఱకు నడ్డు పలుకకుడు.