పోకర్ ఛాంపియన్.. కెరీర్ అవుతుందా?

ఆదివారం అబిడ్స్‌లో చాలా షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు వెలుస్తాయి. ఇండియన్ పాలిటీ, అరిథ్‌మెటిక్, రెండేళ్ల కిందటి కరెంట్ అఫైర్స్... బేరమాడి సంచిలో వేసుకునేవాళ్లలో ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామందే ఉంటారు. టీ తాగుదామని పక్కకొచ్చి ఫోన్ తీస్తే మాత్రం వేరే లోకం కనిపిస్తుంది. టేబుల్ మీద నోట్ల కట్టలు, చేతిలో రెండు పేకముక్కలు, కింద ‘పోకర్ ఛాంపియన్’ అనే అక్షరాలు.

‘మనం నాలుగేళ్లు చదివినా పోస్టుకు గ్యారంటీ లేదు. వాళ్లు ముక్కలు పట్టుకుని కోట్లు తెస్తున్నారు. అదీ ఒక కెరీరే కదా?’ హాస్టల్ గదుల్లో వినిపించే ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయక్కర్లేదు. 2024లో అమెరికాలోని లాస్ వెగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో బెంగళూరుకు చెందిన సంతోష్ సువర్ణ 54 లక్షల డాలర్లకు పైగా గెలిచారు. అది నిజమే. అయితే ఆ పోటీలో కూర్చోవడానికి ప్రవేశ రుసుమే రెండున్నర లక్షల డాలర్లు. అంటే మన రూపాయల్లో రెండు కోట్లకు పైనే. ఈ రెండో అంకె రీల్‌లో కనిపించదు.

కొత్త చట్టం ఏం చెప్పింది?

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం చేశారు. ఇందులో అసలు విషయం ఒక్కటే. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. అది నైపుణ్యంతో ఆడేదా, అదృష్టం మీద నడిచేదా అన్న తేడాను చట్టం పక్కన పెట్టేసింది. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడినవాళ్లను బాధితులుగానే చూసింది, శిక్ష పెట్టలేదు. ఈ ఆటల వల్ల ఏటా సుమారు 45 కోట్ల మంది 20 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టపోతున్నారని ప్రభుత్వం అంచనా చెప్పింది.

ఆ వెంటనే పోకర్‌బాజీ సహా పెద్ద పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. దీనిపై కోర్టుకెక్కిన సంస్థల్లో ఏ23 రమ్మీ యాప్ నడిపిన హెడ్ డిజిటల్ వర్క్స్ ఒకటి. ఇది మన హైదరాబాద్ సంస్థే. కర్ణాటక హైకోర్టులో వేసిన ఆ కేసుతో పాటు వేర్వేరు హైకోర్టుల్లో ఉన్న కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది. మన దగ్గర ఈ సంగతి కొత్తదేం కాదు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది.

దెబ్బ తగిలింది ఆటగాళ్లకే కాదు. యాప్‌లలో పనిచేసే ఇంజినీర్లు, డిజైనర్లు, మార్కెటింగ్ వాళ్ల మీదా పడింది. ఎంపీఎల్ మన దేశంలోని సిబ్బందిలో దాదాపు 60 శాతాన్ని తగ్గించుకుంటోందని అప్పట్లో వార్తలొచ్చాయి. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు ప్యాకేజీతో పాటు ఆ కంపెనీ వ్యాపారం ఏ చట్టం మీద నిలబడి ఉందో చూసుకోవాలని చెప్పే పాఠం ఇది.

సికింద్రాబాద్ క్లబ్ కేసు

‘రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది’ అని యాప్‌లు ఏళ్ల తరబడి ప్రచారం చేసుకున్నాయి. ఆ తీర్పు పుట్టింది మన జంటనగరాల్లోనే. 1963 మేలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నవాళ్లపై, క్లబ్ నిర్వాహకులపై కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యమే అని కోర్టు చెప్పింది.

కానీ అదే తీర్పులో రెండో మాట కూడా ఉంది. పందెం ఆట నుంచి నిర్వాహకుడు లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం కావచ్చని కోర్టు అప్పుడే అంది. ప్రచారంలో మొదటి మాటే మిగిలింది, రెండోది మాయమైంది. పైగా ఆ కేసు రమ్మీ గురించి. పోకర్‌పై హైకోర్టులు ఒకేలా మాట్లాడలేదు. ‘స్కిల్ గేమ్’ అనే ముద్ర ఉన్నంత మాత్రాన అది బతుకుదెరువు అయిపోదు.

ఛాంపియన్ జేబులో ఎంత?

నైపుణ్యం సంగతే మాట్లాడుకుంటే స్టూ అంగర్ పేరు తలవకుండా ఉండలేం. న్యూయార్క్‌లో 1953లో పుట్టాడు. మొదట్లో ఆయన ఆడింది జిన్ రమ్మీ. ఎంత బాగా ఆడేవాడంటే, కొన్నాళ్లకు ఎదురుగా కూర్చోవడానికి ఎవరూ రాలేదు. దాంతో పోకర్‌కు మారాడు. వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్‌ను 1980, 1981, 1997లో మూడుసార్లు గెలిచాడు. 1997లో మొదటి బహుమతి పది లక్షల డాలర్లు. అయితే ఆ పోటీకి కట్టాల్సిన పది వేల డాలర్లు కూడా అప్పుడు ఆయన దగ్గర లేవు. మిత్రుడొకరు కట్టారు. అందుకు గెలిచినదాంట్లో సగం తీసుకున్నారు.

మిగతా సగం ఏమైంది? గుర్రప్పందేలు, ఇతర బెట్టింగులు, మత్తుమందులు తినేశాయి. 1998 నవంబరులో లాస్ వెగాస్‌లోని ఒక చవక మోటల్ గదిలో ఆయన చనిపోయి కనిపించారు. వయసు 45. దగ్గరున్నది ఎనిమిది వందల డాలర్లు. అంత్యక్రియల ఖర్చుకు తెలిసినవాళ్లు చందాలు వేసుకున్నారు. ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడని ఇప్పటికీ చెప్పుకునే మనిషి కథ ఇది. ఆయనకు ఆట రాక కాదు. ఆట వచ్చినా డబ్బును, మనసును అదుపులో పెట్టుకోవడం వేరే విద్య.

పోకర్ పిచ్చిని ప్రపంచమంతా పాకించింది మాత్రం క్రిస్ మనీమేకర్. అది ఆయన అసలు ఇంటిపేరే. అమెరికాలోని టెన్నెసీలో అకౌంటెంట్. 2003లో ఆన్‌లైన్ అర్హత పోటీలో వంద డాలర్లలోపు పెట్టి మెయిన్ ఈవెంట్‌లో సీటు సంపాదించాడు, ఏకంగా 25 లక్షల డాలర్లు గెలిచాడు. అప్పుడు ఆడింది 839 మంది. డబ్బు దక్కింది 63 మందికి. మిగతా 776 మంది ఖాళీ చేతులతో ఇంటికెళ్లారు. వాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు.

లెక్క ఇలా ఉంటుంది

పోకర్‌లో రెండు ఆసులు వస్తే అంతకు మించిన మొదలు లేదు. ఎదుటివాళ్ల దగ్గర రెండు కింగ్‌లు ఉన్నా, చివరిదాకా ఆడితే ఐదింటిలో దాదాపు ఒకసారి ఆసులే ఓడతాయి. అంటే తప్పేమీ చేయకపోయినా డబ్బు పోతుంది. నెలల తరబడి ఇలా పోవచ్చు. అందుకే నిజమైన ప్రొఫెషనల్స్ ఇంటి ఖర్చుల డబ్బును, ఆట డబ్బును విడివిడిగా ఉంచుతారు. ఒక్కో ఆటలో తమ దగ్గరున్నదాంట్లో చిన్న వాటానే పెడతారు. లోన్ యాప్‌లో తెచ్చిన పది వేలతో కూర్చున్నవాళ్లకు ఆ వెసులుబాటే ఉండదు.

రెండోది టేబుల్ నడిపేవాళ్ల కమీషన్. ఆరుగురు స్నేహితులు తలా వెయ్యి తెచ్చారనుకోండి. మొత్తం ఆరు వేలు. ప్రతి పందెంలో కొంచెం కొంచెం కోసుకుంటూ తెల్లారేసరికి నిర్వాహకుడు ఆరు వందలు తీసుకున్నాడంటే, ఆరుగురి దగ్గర మిగిలేది 5,400. ఎవరు ఎంత గొప్పగా ఆడినా అందరూ కలిసి తెచ్చినదానికంటే తక్కువే పట్టుకెళ్తారు. ఒకరు గెలవాలంటే మిగిలినవాళ్లు ఆ గెలుపుతో పాటు కమీషన్‌నూ కట్టాలి.

మూడోది పన్ను. పేకాట గెలుపుపై ఆదాయపు పన్ను 30 శాతం, దానిపై సెస్ అదనం. మీ మొత్తం ఆదాయం తక్కువైనా ఇదే రేటు. గోవాలో లైసెన్సున్న కేసినోలో ఆడటానికి పెట్టిన విమానం, హోటల్ ఖర్చులను ఆ గెలుపులోంచి తీసేయడానికి వీల్లేదు. జీతానికి ఉండే పీఎఫ్, సెలవులు, బ్యాంకులో హోమ్ లోన్‌కు చూపించే పే స్లిప్పు... ఇవేవీ ఉండవు.

మరి గ్రూప్స్ కూడా జూదమేగా?

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు. 2024లో తెలంగాణ గ్రూప్-1 పోస్టులు 563. దరఖాస్తులు నాలుగు లక్షలకు పైనే. ఒక్కో పోస్టుకు ఏడొందల మంది. ఇది లాటరీ కాక ఇంకేంటి?

ప్రశ్నలో నిజముంది. టాపర్ల ఇంటర్వ్యూలు చూసి రిజైన్ చేసి కూర్చోవడం, ఛాంపియన్ రీల్ చూసి పోకర్‌లోకి దిగడం ఒకే రకం పొరపాటు. రెండింట్లోనూ గెలిచినవాళ్లే కనిపిస్తారు. కోచింగ్ సెంటర్ ఫీజును కూడా ఒక రకం టేబుల్ కమీషన్ అనుకోవచ్చు. ఎవరికి పోస్టు వచ్చినా రాకపోయినా అది వాళ్లకు అందుతుంది.

తేడా మాత్రం మూడు చోట్ల ఉంది. ఒకటి, పరీక్షలో మీరు పెట్టేదానికి హద్దుంది. రాత్రికి రాత్రి లక్ష పోదు. రెండు, చదివింది వేరే చోట పనికొస్తుంది. పాలిటీ, రీజనింగ్ గ్రూప్-2కీ, ఎస్సెస్సీకీ కలిసొస్తాయి. పోకర్‌లో పోయిన డబ్బు ఎక్కడా కలిసిరాదు. మూడు, పరీక్ష ఓడితే మీ రికార్డు మీద మచ్చ పడదు. పేకాట స్థావరంపై దాడిలో దొరికితే కేసవుతుంది. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టులు, కేసుల గురించి అడుగుతారు. దాస్తే ఇంకా కష్టం. ఇలా దాచినవాళ్ల విషయంలో ఎలా వ్యవహరించాలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పాల్సి వచ్చింది.

ఆట వద్దు.. ఆలోచన కావాలి

పోకర్ నుంచి తీసుకోదగ్గది ఉంది. సస్క్వెహన్నా అనే అమెరికా ట్రేడింగ్ సంస్థ కొత్తగా చేరినవాళ్లకు శిక్షణలో భాగంగా పోకర్ నేర్పిస్తుంది. పందెం కోసం కాదు, పూర్తి సమాచారం లేనప్పుడు నిర్ణయం ఎలా తీసుకోవాలో తెలియడం కోసం. వరల్డ్ సిరీస్‌లో గెలిచిన ఆనీ డ్యూక్ ‘థింకింగ్ ఇన్ బెట్స్’ పుస్తకంలో చెప్పేది కూడా అదే. ఫలితం బాగుంటే నిర్ణయం బాగున్నట్టు కాదు, ఫలితం చెడితే నిర్ణయం చెడ్డదనీ కాదు.

సంభావ్యత లెక్కలంటే నిజంగా ఇష్టముంటే దానికి జీతమిచ్చే దారులున్నాయి. ఇంటర్ పాసైనవాళ్లు కూడా రాయగల ఆక్చూరియల్ ప్రవేశ పరీక్ష ఏసెట్, బ్యాంకుల్లో రిస్క్ విభాగాలు, బీమా, డేటా అనలిటిక్స్... అక్కడ ఇదే బుర్రకు నెల నెలా జీతం పడుతుంది.

ప్రిపరేషన్‌కూ ప్రొఫెషనల్స్ పద్ధతే పెట్టుకోండి. ఎన్ని అటెంప్టులు, ఎన్ని నెలలు, ఎంత డబ్బు అనేది మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకోండి. ఆ గీత దగ్గరికొస్తే ఏ ఉద్యోగంలో చేరతారో కూడా రాయండి. పోయినదాన్ని రాబట్టుకుందామని గీత జరపొద్దు. ఇప్పటికే ఆటలో అప్పులపాలైతే ఇంకో అప్పు చేయకుండా ముందు ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు. యాప్ పేరుతో ఎవరైనా మోసం చేస్తే 1930కి వెంటనే చెప్పండి.

అబిడ్స్ పుస్తకాల గుట్టల నుంచి కొంచెం నడిస్తే నాంపల్లి. అక్కడ టీజీపీఎస్సీ ప్రతిభా భవన్ ఉంది, క్రిమినల్ కోర్టులూ ఉన్నాయి. ఒక గేటు దగ్గర హాల్‌టికెట్లు, సర్టిఫికెట్ల ఫైళ్లు పట్టుకున్నవాళ్లు, ఇంకో గేటు దగ్గర వాయిదాలకు వచ్చినవాళ్లు. రెండుచోట్లా ఎక్కువమంది మీ వయసువాళ్లే కనిపిస్తారు. సంచిలో పాత పాలిటీ పుస్తకం వేసుకుని అటు బయల్దేరేముందు, రేపు ఏ గేటు ముందు నిలబడాలో ఒక్క నిమిషం ఆలోచించుకోండి.