విద్యాలయములలో అన్నద్వేషము

కడుపు నిండిన దేశములలోని పిల్లలకు వచ్చు వింత జబ్బు మనకేల యని పెద్దలు కొందరు మమ్ము ప్రశ్నించుచున్నారు. అన్నము లేక మాడువారి సంగతి ముందు చూడుడు, అన్నముండియు తిననివారి సంగతి పిమ్మట చూతము, అని వారి వాదము. వినుటకు ఇది ధర్మముగనే యుండును. కాని రోగము ధర్మాధర్మములు విచారించి రాదు. లండను వైద్యుడు విలియం గల్ 1870 ప్రాంతమున అనొరెక్సియా యని పేరిడిన యీ వ్యాధి, మానసిక రోగములన్నింటిలో ప్రాణములను మిక్కిలిగ హరించు వానిలో నొకటి. దీనిని సోకుగాండ్ర వేషమని త్రోసివేయువారు మొదట ఈ మాటకు సమాధానము చెప్పవలయును.

అమెరికా లెక్కలు చూడుడు. అచ్చటి కళాశాలలలో 2013లో నూటికి 15 మంది విద్యార్థులయందు ఈ రోగసూచనలు కనబడగా, 2020-21 నాటికి ఆ సంఖ్య 28 అయ్యెను. ఇది ప్రశ్నావళిని బట్టి కలిగిన యనుమానమే కాని వైద్యుని నిర్ణయము కాదు. అయినను, అనుమానమే యెనిమిదేండ్లలో ఇంచుమించు రెట్టింపయినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చుండుట ఏ విద్యాలయమునకు తగును?

పెరుగుదలకంటె చికిత్సలోని పక్షపాతమే మాకు ఎక్కువ కష్టముగ తోచుచున్నది. 2011లో ప్రకటితమైన యొక విశ్వవిద్యాలయ పరిశోధనలో, రోగసూచనలు విద్యార్థినులలో నూటికి 13.5, విద్యార్థులలో 3.6 మందియందు కనబడెను. అట్టివారిలో అయిదుగురికి ఒక్కరు మాత్రమే ఆ యేట మానసిక చికిత్స పొందిరి. ఆ యొక్కరెవరు? కలవారి పిల్లలకే చికిత్స యెక్కువగ దొరకుచున్నదనియు, బక్కచిక్కినవారిలోనే రోగము బయటపడుచున్నదనియు 2018 నాటి పరిశోధన తెలిపెను. లావుపాటి విద్యార్థి తిండి మానినచో అందరును మెచ్చుకొందురు! 2006లో మరియొక పరీక్ష జరిగెను. ఒక బాలిక దినచర్యను వైద్యులకు చదువనిచ్చి, ఆమె తెల్లజాతిదని కొందరికిని, నల్లజాతిదని కొందరికిని చెప్పిరి. తెల్లపిల్ల యనుకొన్నవారిలో నూటికి 44 మంది ప్రమాదమును గుర్తింపగా, నల్లపిల్ల యనుకొన్నవారిలో గుర్తించినవారు 17 మందియే. వ్రాత యంతయు నొక్కటే! ఇట్టి కన్నులున్న దేశమునకు మన తెలుగు పిల్లలు ఏటేట వేలకొలది పోవుచున్నారు. అద్దెగదిలో ఒంటరిగ వండుకొనువాడు తినకున్న నడుగు దిక్కెవరు?

సముద్రము దాటనివారికి భయము లేదనుకొనుటయు పొరపాటే. ఫిజీ ద్వీపములలోని యొక మండలమునకు 1995లో టెలివిజను వచ్చెను. అంతకుముందు అచ్చట నిండైన శరీరమే గౌరవచిహ్నము. బరువు తగ్గుటకై వాంతి చేసికొను బాలిక యొక్కతెయు అప్పటి పరిశోధకులకు కనబడలేదు. 1998 నాటికి అట్టివారు నూటికి 11 మందికి పైబడిరి. మూడేండ్ల టెలివిజను చేసిన పని యిది. మన పిల్లల చేతిలోని ఫోనునకు రేయింబవళ్లు విరామము లేదు. ఒకప్పుడు తెల్లతోలును ఆరాధింపజేసిన బజారే నేడు సన్ననడుమును అమ్ముచున్నది. ఈ దాస్యమును దాస్యమని చెప్పుటకు మేము సంకోచింపము.

అట్లని పరదేశపు ప్రశ్నావళిని తెచ్చి మన బాలికల ముందు పెట్టుటయు మాకు సమ్మతము కాదు. 1999లో ఆంగ్లదేశమున ప్రకటితమై, అమెరికా కళాశాలలకును ఎక్కిన అయిదు ప్రశ్నల పరీక్షలో ఒకటి, బరువు తగ్గుటను 'స్టోను' లెక్కన అడుగును. ఆ కొలత మన అంగళ్లలో ఎవరెరుగుదురు? ఏకాదశికో రంజానుకో ఉపవసించు పిల్లను రోగియనియు, ఉపవాసమను పేరిట రోగమును దాచుకొను పిల్లను భక్తురాలనియు ఎంచు ప్రమాదము రెండు వైపులను కలదు. ఉత్తర హిందూస్థానపు పాఠశాల బాలికలను ప్రశ్నించిన కింగు, భుగ్రా పండితులు 1989లోనే ఇట్టి చిక్కును వెల్లడించిరి. కావున తెలుగు పిల్లను మన యింటి మాటలతో, మన పండుగల నెరిగినవారే అడుగవలయును.

ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయముల మానసిక శాస్త్రజ్ఞులకు ఇది తగిన పని. ఇక వసతిగృహముల యజమానులను మేము కోరునది స్వల్పము. మెస్సులో పళ్లెము ముట్టనివారెవరో రోజును చూచు వంటమనిషికి తెలియును. ఆమె మాటను వార్డెను వినవలయును. ఆ పిల్లను నలుగురిలో తూచి నవ్వుట మానవలయును. 2022 అక్టోబరులో ప్రభుత్వము స్థాపించిన టెలీ మానస్, 14416 అను సంఖ్యపై తెలుగుననే సలహా చెప్పును. ఫీజు బకాయిల పట్టిక నంటించు గోడమీదనే ఆ సంఖ్యనుగూడ అంటింపవచ్చును.