పేడపురుగూ, బలపపు రాయీ

ఈజిప్టు దేశీయుడైన నా సహోద్యోగి మా అబ్బాయికి ఒక చిన్న 'స్కారబ్' రక్షను కానుకగా ఇచ్చారు. పేడ ఉండను దొర్లించే పురుగు ఆకారంలో చెక్కిన రాయి అది. ఉదయసూర్యుని రూపమైన ఖెప్రి దేవతకు ప్రాచీన ఈజిప్షియనులు ఈ పురుగును ప్రతీకగా భావించారు. మావాడు మాత్రం "పేడపురుగుకు పూజేమిటి నాన్నా?" అని నవ్వాడు.

ఒక శుక్రవారం సాయంత్రం ఏషియన్ టౌన్‌కు వెళ్ళినపుడు ఆ రక్ష వాడి జేబులోనే ఉంది. అక్కడ పరిచయమైన జగిత్యాల ప్రాంతపు రాతిపనివారొకరు దానిని అందుకొని, గోటితో గీరి, రాలిన పొడిని వ్రేళ్ళ మధ్య నలిపి, "ఇది బలపం రాయి సార్, గోరుకే లేస్తున్నది" అన్నారు. ఆయన దండకు కూడా ఒక తాయెత్తు ఉంది.

ఆ గోటి పరీక్షలో ఎంతో రసాయనశాస్త్రం ఉన్నది. ప్రాచీన స్కారబ్‌లలో అధికభాగం బలపపు రాతివే. మెత్తగా ఉన్నపుడే చెక్కి, పిదప కాల్చేవారు. సుమారు 900 నుండి 1000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో రాతి నిర్మాణంలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటి ఆవిరిగా వెడలిపోతాయి. మిగిలిన మెగ్నీషియం సిలికేట్ ఎన్‌స్టటైట్‌గా మారుతుంది. మోహ్స్ మానంలో 1గా ఉన్న కాఠిన్యం 5 దాటుతుంది. ఇక గోరు ఆనదు! రాగి లవణాలు కలిసిన క్షారపు పూత కాలి గాజువలె అంటుకొని నీలాకుపచ్చగా మెరుస్తుంది. సింధులోయ ముద్రికలలోనూ ఇదే రాయి, ఇదే కాల్పు. మా అబ్బాయిది కొలిమి ఎరుగని నేటి అంగడి సరకన్నమాట.

మూడవ అమెన్‌హోటెప్ తన తొలి పది సంవత్సరాల పాలనలో 102 సింహాలను వేటాడినట్లు పెద్ద స్కారబ్‌లపై చెక్కించుకొన్నాడు. చెక్కినవాని పేరు వాటిపై లేదు. మనమూ పిల్లలకు రాజునూ, దేవతనూ, మూఢనమ్మకాన్నీ గురించే చెబుతున్నాము. రక్ష కాపాడినదా లేదా అన్నది ధరించినవారి విశ్వాసం. రాతిని కొలిమిలో గట్టిపరచిన నేర్పు మాత్రం నిస్సందేహంగా విజ్ఞానమే.

మన సంఘాల విజ్ఞాన ప్రదర్శనలకు నా వంటి పట్టభద్రులనే పిలుస్తారు. ఈ పనివారిని బస్సులు ఎక్కించి తెచ్చేది సాధారణంగా సభల్లో కుర్చీలు నిండడానికే! ఇది నాకు సమ్మతం కాదు. వచ్చే ప్రదర్శనలో ఒక బల్లను ఏషియన్ టౌన్ రాతిపనివారికి, అతిథి గౌరవంతో, కేటాయించవలసిందని నా ప్రతిపాదన. బలపపు రాయి నేను తెస్తాను. కొలిమికి అనుమతి సంపాదించే భారం కార్యవర్గానిది.