తాటకి పిల్లలకు పనికిరాదా?

"పిల్లలకు ఇసుంటి పుస్తకాలిస్తరా వదినా?" అంటూ పక్కింటావిడ నేనిచ్చిన పుస్తకాన్ని అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. చేతికి కూడా ఇవ్వలేదు. అది గోగు శ్యామల కథల పుస్తకం. వాళ్ళమ్మాయి అందులో తాటకి కథ చదువుతూ పట్టుబడిందట! ఆవిడ మీద కోపం వచ్చింది. కాసేపటికి నా మీద నాకే వచ్చింది. ఎందుకో చివర్న చెబుతాను.

శ్యామల 1969లో తాండూరు వైపు పెద్దేముల్‌లో, మాదిగ కుటుంబంలో, వ్యవసాయ కూలీల ఇంట పుట్టారు. చదువుకున్నారు. దళిత స్త్రీల రచనలను ఊరూరా వెతికి, 2003లో 'నల్లపొద్దు'గా కూర్చారు. మంత్రిగా చేసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితచరిత్ర రాశారు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల కథల్లో ఈ తాటకి కూడా ఉంది. అంటే, పిల్లల కోసమని అచ్చేసిన కథేనండీ!

ఇంతకూ అందులో ఏముంది? తాటకి అసలు పేరు బాలమణి. చీకటితోనే లేచి చేనుకు నీళ్ళు పెట్టడానికి పోతుంది. మీదికొచ్చిన దొరను ఎదిరించి గెలుస్తుంది. 'రడం' అని ఇంకో కథ. పిల్లను జోగినిని చేయాలని ఊరి పెద్దలు పట్టుబడితే, ఆ తండ్రి ఆమెను తీసుకెళ్ళి హాస్టల్లో ఉంచి చదివించాలని చూస్తాడు. ఇదేదో తాతలనాటి ముచ్చట అనుకోకండి. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చిందే 1988లో.

పిల్లలు జడుసుకుంటారంటారా? నాలుగేళ్ళ పిల్లకు అన్నం తినిపిస్తూ మనం చెప్పే కథలేమిటి? రాముడు తాటకిని చంపడం, లక్ష్మణుడు శూర్పణఖ ముక్కు చెవులు కోయడం, ప్రహ్లాదుణ్ణి ఏనుగులతో తొక్కించడం. ముద్దకో రాక్షసుడు చస్తాడు! తాటకి చచ్చిపోతే లేని భయం, తాటకి గెలిస్తే ఎందుకొచ్చింది? తెలియకే అడుగుతున్నాను.

భాష బాగాలేదంటారు మరికొందరు. మా మాడుగులపల్లి మాటకూ తాండూరు మాటకూ తేడా ఉన్న మాట నిజమే. అయినా నాట్లకు వచ్చిన తల్లి వెంట వచ్చిన ఓ పిల్ల, మా అరుగు మీద కూర్చుని రెండు పేజీలు చదివి, "మా అమ్మమ్మ లెక్కనే మాట్లాడుతున్నరు!" అని పకపకా నవ్వింది. బళ్ళో ఇన్నేళ్ళు చదివినా పుస్తకంలో వాళ్ళమ్మమ్మ ఆ పిల్లకు కనబడలేదన్నమాట.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం 1922లో మొదలైతే, ఒక నల్లజాతి రచయిత్రికి, వర్జీనియా హామిల్టన్‌కు, 1975లో గానీ దక్కలేదు. రెండేళ్ళకు మిల్‌డ్రెడ్ టేలర్‌కు వచ్చింది. ఆమె నవలలో తెల్లపిల్లలు వాడి వాడి చింపేసిన పుస్తకాలు నల్లపిల్లల బడికి వస్తాయి. ఎవరెవరు వాడారో అట్ట లోపలే ఒక పట్టిక. పదకొండు చేతులు మారి పాడైపోయాక, పన్నెండోసారి నల్లపిల్లల వంతు! అది చదివిన ఆరేళ్ళ పిల్లవాడు పుస్తకాన్ని కిందపడేసి తొక్కుతాడు. ఆరేళ్ళవాడికి అర్థమైన అవమానం పన్నెండేళ్ళ మన పిల్లలకు అర్థం కాదా? అదే వయసులో ఆ అవమానం పడుతున్న పిల్లలను, నీకు వయసు చాలదులే అని ఎవరైనా వదిలిపెడుతున్నారా?

ఇప్పుడు నా సంగతి. శ్యామల పుస్తకాన్ని మా అమ్మాయికి అందకుండా రెండేళ్ళు బీరువా పై అరలో దాచింది నేనే. చదివి చెడిపోతుందని కాదు. చదివి ఏదో అడుగుతుందని.

పక్కింటావిడ వెళ్ళిన రోజే ఆ పుస్తకం మా అమ్మాయి చేతికిచ్చాను. రాత్రికల్లా చదివేసింది. అడగనే అడిగింది.

"అమ్మా, ఈ కథలో మనమెటు?"

నీళ్ళు నమిలాను. నమిలిన కొద్దీ తెలిసింది, చాలనిది పిల్లల వయసు కాదు, మన ధైర్యం. వదినగారూ, పుస్తకం అరుగు మీదే ఉంది. మీ అమ్మాయిని పంపండి.