వరిగడ్డి నుంచి ఇంధనం: ఎంజైము నిర్మాణమే కీలకం

కోతలు ముగిశాక పొలంలో మిగిలే వరిగడ్డిని ఇంధనంగా మార్చగలమా? ‘ధాన్ కా కటోరా’గా పేరొందిన ఛత్తీస్‌గఢ్‌కు ఇది ముఖ్యమైన ప్రశ్న. భిలాయి ఉక్కు నగరం చుట్టూ ఉన్న దుర్గ్ జిల్లా గ్రామాల్లో వరి ప్రధాన పంట. గడ్డిలో కొంత పశువుల మేతకు పోగా, మిగిలినది పలుచోట్ల అగ్గిపాలవుతోంది.

దీనికి ఒక ప్రత్యామ్నాయం హర్యానాలో ఉంది. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ నెలకొల్పిన ఇథనాల్ కర్మాగారాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2022 ఆగస్టు 10న జాతికి అంకితం చేశారు. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడం దాని లక్ష్యం. అయితే గడ్డిలోని సెల్యులోజును చక్కెరగా మార్చే ఎంజైముల వ్యయం ఈ విధానానికి పెద్ద భారం. ఎంజైము నిర్మాణాన్ని పరిశీలిస్తే ఆ భారానికి కారణం తెలుస్తుంది.

సెల్యులోజు అంటే వేలాది గ్లూకోజు యూనిట్ల గొలుసు. ఇటువంటి గొలుసులు దగ్గరగా పేరుకొని గట్టి స్ఫటికాలుగా ఏర్పడతాయి. వాటిని ఛేదించే ఎంజైములకు పేరుపొందినది ట్రైకోడెర్మా రీసై అనే శిలీంధ్రం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలను శిథిలం చేసినది ఇదే. దాని ప్రధాన ఎంజైము ఆకృతిని 1994లో స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు వెల్లడించారు. అందులో సుమారు 5 నానోమీటర్ల పొడవైన సొరంగం ఉంది. 36 అమైనో ఆమ్లాల చిన్న భాగం లంగరు వలె సెల్యులోజును పట్టుకుంటుంది. గొలుసు కొస సొరంగంలోకి ప్రవేశించి, రెండేసి గ్లూకోజు యూనిట్లుగా తెగుతూ పోతుంది.

పట్టు విడవకపోవడం ఈ నిర్మాణపు బలం. బలహీనత కూడా అదే. దారిలో అడ్డంకి ఎదురైతే ఎంజైము అక్కడే చిక్కుకుపోతుంది. తెగిన చక్కెర జంటలు పేరుకున్నా వేగం తగ్గుతుంది. అందుచేత గొలుసును నడుమ తెంచే ఎంజైము, జంటలను విడదీసే మరో ఎంజైము తోడు కావాలి. ఫలితంగా మోతాదు, దానితో పాటు ఖర్చు పెరుగుతాయి.

ఆధునిక జీవ ఇంధన కర్మాగారాలకు తోడ్పడే ప్రధానమంత్రి జీ-వన్ యోజనను కేంద్రం 2028-29 వరకు పొడిగించింది. కర్మాగారాలతో పాటు ఎంజైము పరిశోధనకూ ఊతం లభించినప్పుడే ఈ ప్రయత్నం నిలుస్తుంది. 2016లో ప్రారంభమైన ఐఐటీ భిలాయి, వరి పొలాలు పక్కపక్కనే ఉండటం ఈ ప్రాంతానికి అనుకూలాంశం. అయితే మేతకు కొరత రాకుండా మిగులు గడ్డినే సేకరించాలి. సేకరణ, రవాణా ఖర్చులు పోగా గిట్టుబాటు ధర దక్కితేనే రైతు గడ్డికి నిప్పు పెట్టడం మానుకుంటాడు.